మూర్తిగారు బండి ముక్కు లేపారు

గోదావరిఖని పక్కనున్న ఒక ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ల టైర్లకు నరసింహమూర్తిగారే పెద్దదిక్కు. ఆ టైర్లు మనిషికన్నా ఎత్తు. ఏ టైరు ఇంకెన్నాళ్లు నడుస్తుంది, దేంట్లో రాయి దిగింది, దేన్ని ఊడదీసి పక్కన పడెయ్యాలి అన్నవి ఆయన సంతకంతో తేలే విషయాలు. టైరు పక్కన నిలబడితే ఆయన తల దాని నడుముకు కొంచెం పైగా వస్తుంది. ఆయన పొడుగు గురించి ఇంతకన్నా మాట్లాడటం మర్యాద కాదు.

వాళ్ల నాన్నగారు ఎప్పుడో తెనాలి నుంచి బొగ్గుగనిలో ఓవర్‌మన్‌ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మూర్తిగారు ఇక్కడి దవాఖానలో పుట్టి, ఇక్కడి బడిలో చదివి, ఇక్కడే యాభై దాటారు. అయినా ఇప్పటికీ ఆయన నోట ‘మా వైపు’ అంటే గుంటూరు జిల్లా. మా వైపు పెరుగు, మా వైపు మర్యాద, మా వైపు మామిడికాయ. ఆ వైపు ఆయన వరుసగా నాలుగు రోజులు ఉన్న సందర్భం ఎవరికీ గుర్తులేదు. అక్కడి ఎండ పడదంటారు. ఆ మాట రామగుండం ఎండలో నిలబడి అంటారు.

గనిలో అధికారుల మీటింగు జరిగితే ఆయన కుర్చీ బల్ల చివర ఉంటుంది. టైర్ల గురించి ఏదో చెప్పబోయేసరికి టీ వస్తుంది. టీ అయ్యేసరికి మీటింగు అయిపోతుంది. జీఎంగారు లేచి వెళుతుంటే అందరికన్నా ముందు ఆయనే లేచి నిలబడతారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన చేసిన పనుల్లో పైవాళ్ల కంట పడింది అదొక్కటే.

ఇంట్లో మాట ఆయన భార్య నాగరత్నానిది. పిల్ల ధరణి చదువు కోసం హాస్టలుకు వెళ్లాక ఆమె ఊరికే కూర్చోలేక వంటల ఆర్డర్లు పట్టడం మొదలుపెట్టింది. బొగ్గుగనుల ఊళ్లో ప్రతి నెలాఖరుకూ ఎవరో ఒకరు రిటైరవుతారు. రిటైరైన ప్రతివాడూ దండలు వేయించుకుని ఊరికి భోజనం పెడతాడు. కాబట్టి ఆమెకు పనికి కొదవ లేదు. తోడుగా అనసూర్య అనే ఆవిడ ఉంది. ఎంత పెద్ద గుండిగైనా పొయ్యి మీంచి ఒంటిచేత్తో దించుతానంటుంది, దించుతుంది కూడా. ఇబ్బందల్లా గిన్నెల రవాణాయే. వాటిని మోసే ట్రాలీ ఆటోవాడు రమ్మన్న వేళకు తప్ప మిగతా అన్ని వేళలా దొరికేవాడు.

“ఏవండీ, మనకే ఒక చిన్న ట్రాలీ బండి ఉంటే బావుంటుంది” అంది నాగరత్నం ఒకరోజు.

మూర్తిగారు పై వారానికల్లా డబుల్ క్యాబిన్ పికప్ కొని తెచ్చారు. ముందు అయిదుగురు కూర్చునే కారు, వెనక సామాను వేసుకునే తొట్టి. గుమ్మం ముందు ఆపి, “నీ కోసమే, రత్నం” అన్నారు. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తొట్టిని చెయ్యితో కొలిచి, “సాంబారు గుండిగ పడుతుంది. సరే” అంది. డ్రైవింగు ఆయనకన్నా ఆమెకే బాగా వచ్చు. పాత కారుకు ఉన్న గీతలన్నీ ఆయన గీసినవే. అయినా కొత్త బండి తాళం ఆయన జేబులోకే వెళ్లింది.

బండి ఎత్తుగా ఉండేది. లోపల కూర్చుంటే ఎదుటివాడి నెత్తి కనిపించేది. మూర్తిగారికి ఇది జీవితంలో కొత్త దృశ్యం. ఎదుటివాళ్ల చొక్కా గుండీలు చూస్తూ మాట్లాడిన మనిషి ఇప్పుడు బట్టతలలు లెక్కపెడుతూ తిరిగారు. ఆ సుఖం ఒక నెల సాగింది.

దాన్ని చెడగొట్టినవాడు వీరేందర్. గనిలో మట్టి తీసే కాంట్రాక్టరు. అతనికీ ఒక పికప్ ఉంది. దాని ముక్కు ఆకాశంలోకి, టైర్లు బయటికి. గని గేటు దగ్గర రెండు బండ్లూ పక్కపక్కన ఆగినప్పుడు వీరేందర్ అద్దం దించి, పైనుంచి కిందికి చూసి అన్నాడు:

“సార్, ఏంది మీ బండి గిట్ల మూతి కిందికేస్కోని నడుస్తది? జీఎం సార్ ముంగట నిలబడ్డట్టున్నది.”

గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు నవ్వారు. షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు నవ్వారు. మూర్తిగారు కూడా నవ్వారు. ఇంటికి వచ్చి, బండిని చదునైన చోట నిలిపి, వంగి, పక్కనుంచి చూశారు. నిజమే. ముందు భాగం వెనకకన్నా రెండంగుళాలు దిగువగా ఉంది.

షోరూముకు ఫోను చేస్తే అక్కడి కుర్రాడు ఓపికగా చెప్పాడు. ఇలాంటి బండ్లన్నీ అంతే సార్, వెనక బరువు వేస్తారు కదా, బరువు పడగానే వెనక దిగి ముందు భాగానికి సమానమవుతుంది, ఖాళీగా ఉన్నప్పుడే ముక్కు కిందికి కనిపిస్తుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు. మూర్తిగారికీ అర్థమైంది. కానీ వీరేందర్ మాట చెవిలోంచి దిగలేదు. అది బండి గురించి అన్న మాటైతే మర్చిపోయేవారేమో.

అప్పటినుంచి ఆదివారాలన్నీ ఫోనులో వీడియోలకే సరిపోయాయి. ఎక్కడో అమెరికాలో గడ్డాలు పెంచుకున్న మనుషులు తమ పికప్‌ల ముందు స్ప్రింగుల మీద స్పేసర్ అనే ఇనుప దిమ్మెలు పెట్టి, ముక్కు లేపి, వెనకతో సమానం చేసి, పెద్ద టైర్లు తొడుగుతున్నారు. దానికి ‘లెవెలింగ్’ అని పేరు. ఆ మాట ఆయనకు ఎంతగానో నచ్చింది. బల్ల చివర కూర్చునేవాడికి నచ్చకుండా ఎలా ఉంటుంది?

బండితో వచ్చిన టైరు సైజు 255/60, రిమ్ము పద్దెనిమిది అంగుళాలు. డ్రైవరు డోరు తెరిస్తే ఆ సంగతి స్టిక్కరు మీద అచ్చువేసి ఉంటుంది. గనిలోకి వచ్చే ఏ కాంట్రాక్టరు టిప్పరుకైనా టైరు సైజు తేడాగా ఉంటే గేటు దగ్గరే వెనక్కి పంపే మనిషి మూర్తిగారు. తన బండి స్టిక్కరును కూడా శ్రద్ధగా చదివారు. చదివి, అది మామూలు వాళ్ల కోసం రాసిందని తీర్మానించుకున్నారు. ఆయన మనసు 285/65 మీద పడింది.

“రత్నం, ఇలా చూడు” అన్నారు ఒక పొద్దున, పళ్లెంలో ఇడ్లీని నిలబెట్టి. “ఇది టైరనుకో. రెండువందల ఎనభై అయిదు అంటే దీని వెడల్పు, మిల్లీమీటర్లలో. అరవై అయిదు అంటే పక్క గోడ ఎత్తు, వెడల్పులో అరవై అయిదు శాతం. మొత్తం టైరు రెండున్నర అంగుళాలు పెద్దదవుతుంది. బండి అంగుళంపైన లేస్తుంది. ముక్కు స్పేసర్‌తో ఇంకో రెండు.”

“పక్క గోడ మీద చట్నీ వేసుకోండి, చల్లారిపోతోంది” అంది నాగరత్నం.

ఇంట్లో శ్రోతలు లేకపోయేసరికి ఆయన బయటపడ్డారు. రిటైర్మెంటు ఫంక్షన్లలో దండ మెడలో ఉన్న మనిషిని పక్కకు తీసుకెళ్లి పక్క గోడ శాతం వివరించారు. పరామర్శకు వెళ్లిన ఇంట్లో కూడా వివరించారు. పోయిన పెద్దాయన తమ్ముడు కన్నీళ్లు తుడుచుకుంటూ, “మంచిది సార్” అన్నాడు.

చౌరస్తా దగ్గర రాయమల్లు టైర్ల దుకాణం ఉంది. రాయమల్లు మంచివాడు. వచ్చిన గిరాకీకి కాదని చెప్పడం అతని ఒంట్లో లేదు. ఎడ్లబండికి విమానం టైరు అడిగినా కొలత తీసుకుంటాడు.

“రాయమల్లూ, ముందు రెండంగుళాలు లేపితే రెండువందల ఎనభై అయిదు పడుతుందా?”

“పడతది సార్. ఎందుకు పడది?”

“స్టీరింగు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డుకు తగలదు కదా?”

“తగిల్తే కోద్దాం సార్.”

“రిమ్ములు కూడా మారుద్దామనుకుంటున్నాను. కాస్త బయటికి వచ్చేవి.”

“మస్తుగుంటది సార్. పైల్వాన్ చేతులు ఎడం పెట్టి నడిచినట్టు గనపడ్తది.”

మూర్తిగారికి కావలసిన మాట అదే. సాయంత్రానికి స్పేసర్లు ఎక్కాయి, టైర్లు ఎక్కాయి, రిమ్ములు బండి పక్కల నుంచి బయటికి పొడుచుకొచ్చాయి. ఆయన రోడ్డుకు అవతలివైపు వెళ్లి నిలబడి బండిని చూసుకున్నారు. ముక్కు, తోక ఒకే గీత మీద ఉన్నాయి. దుకాణంలో దీపాలు వేసేదాకా అలాగే చూశారు. పెళ్లిచూపులనాడు కూడా అంతసేపు చూడలేదని తర్వాత ఆయనే అన్నారు. నాగరత్నం వినేటట్టే అన్నారు.

మొదటి మలుపులోనే టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుని గర్రుమంది. వెనక్కి తిప్పి తెస్తే రాయమల్లు రంపంబ్లేడుతో కోశాడు. రెండో రోజు గోతిలో పడినప్పుడు మళ్లీ గర్రుమంది. మళ్లీ కోశాడు. మూడోసారి బంపరు మూల పోయింది. క్వార్టర్ల సందులో ఒక్క తిప్పులో తిరిగే బండి ఇప్పుడు ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఊగితే గానీ తిరగడం లేదు. వానలు పడ్డాక ఇంకో విశేషం బయటపడింది. బయటికొచ్చిన టైర్లకు మడ్‌గార్డు అడ్డం లేదు కాబట్టి రోడ్డు మీది నల్ల బురద రెండు రెక్కల్లా లేచి పొద్దున నడకకు వచ్చినవాళ్ల మీద పడేది. కాలనీలో ఆయన బండి చప్పుడు వినగానే జనం గోడల వెనక్కి తప్పుకునేవారు. మూర్తిగారు దాన్ని గౌరవం కింద జమకట్టుకున్నారు.

టైరు పెద్దదైంది కాబట్టి స్పీడు మీటరు కూడా తప్పు చూపించసాగింది. అరవై చూపిస్తే అసలు వేగం అరవై అయిదు. “బయటికి తక్కువ కనిపిస్తుంది, లోపల ఎక్కువ ఉంటుంది. నాలాగే” అన్నారాయన సంతోషంగా.

నాగరత్నం ఎక్కడానికి పీట కావలసి వచ్చింది. ఆ పీటతో పని ఎక్కువగా పడలేదు. ఎందుకంటే బండి ఆమె పనికి ఒక్కరోజూ రాలేదు. గిన్నెలు వేస్తే తొట్టికి గీతలు పడతాయని ఆయన, ఈ వారం బురదగా ఉందని ఆయన, వచ్చే వారం చూద్దామని ఆయన. ట్రాలీ ఆటోవాడే మళ్లీ దిక్కయ్యాడు.

శ్రావణంలో బసంత్‌నగర్ నుంచి ఒక పెళ్లి ఆర్డరు వచ్చింది. అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కూతురి పెళ్లి. పొద్దున పదింటికి ముహూర్తం, ఆ వెంటనే భోజనాలు. అన్నం అక్కడే వండించుకుంటారు, కూరలూ పప్పూ సాంబారూ ఇక్కడినుంచి వెళ్లాలి. తెల్లవారేసరికి అన్నీ సిద్ధం. ట్రాలీ ఆటోవాడు మాత్రం ఫోను ఎత్తలేదు.

నాగరత్నం భర్త వైపు చూసింది. ఆ చూపుకు వారాలూ బురదా ఏవీ అడ్డురాలేదు. మూర్తిగారు జేబులోంచి తాళం తీశారు.

ఎత్తు పెరిగిన తొట్టిలోకి గిన్నెలు ఎక్కించడం పెద్ద పనైంది. ఇద్దరు పక్కింటివాళ్లు వచ్చి పట్టారు. సాంబారు గుండిగ ఆఖరున ఎక్కింది. దాన్ని లోపలికి నెట్టడానికి ఎవరికీ చెయ్యి అందలేదు. తొట్టి వెనక డోరుకు ఆనించి, మూత మీద గుడ్డ బిగించి కట్టి వదిలేశారు.

అనసూర్య బండి పక్కన నిలబడి నోరు తెరిచింది. “అమ్మా, గిదేంది? బండి మూతి ఆకాశం దిక్కు లేస్తున్నది!”

లేచింది మరి. వెనక బరువు పడగానే వెనక భాగం ఎప్పటిలాగే దిగింది. ముందు మాత్రం ఈసారి సమానంగా కాకుండా పైకి పోయింది. కూర్చోబోతున్న ఏనుగులా ఉంది బండి.

“దాన్ని ఠీవి అంటారు” అన్నారు మూర్తిగారు.

“ఏవండీ, కాస్త నెమ్మదిగా పోనివ్వండి” అంది నాగరత్నం, అనసూర్యను వెనక సీట్లోకి ఎక్కించి తనూ పీట మీంచి ఎక్కుతూ.

ఎన్టీపీసీ దాటేదాకా నెమ్మదిగానే వెళ్లారు. స్టీరింగు చేతిలో మరీ తేలిగ్గా ఆడుతోంది. ముందు టైర్ల మీద బరువు లేకపోతే అంతే. ఆ సంగతి డంపర్ల విషయంలో ఆయన ఎంతోమందికి చెప్పారు. అప్పుడే అద్దంలో వెనకనుంచి ఒక ఎత్తైన బండి కనిపించింది. ముక్కు ఆకాశంలోకి, టైర్లు బయటికి. వీరేందర్ హారన్ కొట్టాడు. దారి ఇమ్మని.

మూర్తిగారు దారి ఇవ్వలేదు. బతుకంతా ఇచ్చారు, ఆ పొద్దున ఇవ్వలేదు. పాదం కిందికి నొక్కారు. మీటరు అరవై చూపిస్తోంది. వెనక వీరేందర్ మళ్లీ హారన్ కొట్టాడు.

“ఏవండీ, ముందు స్పీడు బ్రేకరు!”

ముందు టైర్లు దాన్ని దాటాయి. వెనక టైర్లు ఎగిరాయి. గుండిగ లేచి, వెనక డోరును గుద్ది, అక్కడినుంచి ఒరిగింది. గుడ్డ ముడి ఊడింది. మూత రోడ్డు మీద గింగిరాలు తిరుగుతూ పత్తిచేలోకి వెళ్లిపోయింది. పెళ్లివారి సాంబారు వెనక డోరు మీంచి పొంగి, సరిగ్గా వెనక వస్తున్న బండి మీద పడింది. వీరేందర్ ఏమీ కనబడక వైపర్లు వేశాడు. వైపర్లకు మునక్కాడలు అడ్డంపడ్డాయి.

రెండు బండ్లూ రోడ్డు పక్కన ఆగాయి. వీరేందర్ దిగాడు. దించిన అద్దంలోంచి పడ్డ పసుపు మరకతో తెల్ల లినెన్ చొక్కా, మెడలో గొలుసు. బానెట్ మీంచి ఆవిరి లేస్తోంది, కమ్మటి ఇంగువ వాసనతో.

“సార్... ఏంది సార్ గిది?”

మూర్తిగారు వివరించబోయారు.

నాగరత్నం పీట కోసం చూడకుండా ఒక్క దూకు దూకింది. తొట్టిలోకి తొంగి చూసింది. కూరలు భద్రం. పప్పు భద్రం. సాంబారు గుండిగ అడుగున కాస్త మిగిలింది.

“అనసూర్యా, చింతపండు సంచి తెచ్చామా?”

“ఉన్నదమ్మా. పోపు సామాను సుత ఉన్నది.”

“పప్పులో సగం తీసి పప్పుచారు పెడదాం. వాళ్ల పొయ్యి ఉంటుంది.” తర్వాత భర్త వైపు చెయ్యి చాచింది. “తాళం.”

ఆయన ఇచ్చారు.

“మీరు వెనక ఎక్కండి. పప్పు గిన్నె పట్టుకోండి. అది కూడా పోతే నేనే మిమ్మల్ని ఇక్కడ దింపేస్తాను.”

అలా నరసింహమూర్తిగారు ఇస్త్రీ చొక్కాతో, పెళ్లికని వేసుకున్న కొత్త వాచీతో, తొట్టిలో గొంతుక్కూర్చుని పప్పు గిన్నెను కౌగిలించుకుని బసంత్‌నగర్ ప్రవేశించారు. దారంతా సిమెంటు లారీలు. లారీ క్యాబిన్లలోంచి డ్రైవర్లు కిందికి చూశారు. ఒకాయన అద్దం దించి, “భద్రం సారూ” అన్నాడు. అందులో ఎగతాళి లేదు. అదే ఆయనకు ఎక్కువ తగిలింది.

పెళ్లింటి వెనక, టెంటు పక్కన బోర్లించిన బకెట్టు మీద ఆయన్ను కూర్చోబెట్టి ముందు బేసిన్‌లో చింతపండు పెట్టారు. ముహూర్తం మంత్రాలు వినపడుతున్నంతసేపూ ఆయన పిసికారు. మోచేతుల దాకా పులుసు. బ్యాండువాళ్లు దారిలో ఆగి చూశారు. అనసూర్య పోపు వేసింది. నాగరత్నం ఉప్పు చూసింది, కారం చూసింది, ఒక్కసారి కూడా ఆయన ముఖం చూడలేదు.

పప్పుచారు కుదిరింది. ఆకలి మీదున్న జనం జుర్రుకుంటూ తిన్నారు. పంక్తిలో ఒక ముసలాయన చెయ్యెత్తి, “గీ చారు ఎవరు చేసిన్రు? ఇంక గింత పొయ్యిన్రి” అన్నాడు.

“చింతపండు మా సారు పిసికిండు” అంది అనసూర్య. దయతో అందో కసితో అందో తెలియదు.

పంక్తి మొత్తం ఆయన వైపు చూసింది. ఎన్నో ఏళ్లుగా ఏ మీటింగులోనూ అంతమంది ఒక్కసారిగా ఆయన వైపు చూడలేదు. మూర్తిగారు గొంతు సవరించుకున్నారు. “అసలు సంగతేమిటంటే, నీళ్లలో చింతపండు ఎంత శాతం ఉండాలంటే...” అని మొదలుపెట్టారు. నాగరత్నం ఆయన చేతికి చారు బకెట్టు ఇచ్చింది.

బకెట్టుతో పంక్తి వెంబడి నడుస్తూ ఆయన వీరేందర్ ముందుకు వచ్చారు. వీరేందర్ పెళ్లికూతురికి మేనమామ అని అప్పుడు తెలిసింది. బండి కడిగించుకుని వచ్చాడు. చొక్కా మీద మాత్రం పసుపు మరక అలాగే ఉంది.

“సార్, టైర్లు మాత్రం మస్తు తీస్కున్నరు. సాంబారే నిలబడలె” అన్నాడు.

మూర్తిగారు గరిటె నింపి అతని విస్తట్లో పోశారు. “నీ బండిలో ఎప్పుడైనా బరువు వేశావా, వీరేందర్?” అని అడిగారు.

వీరేందర్ అన్నం కలుపుకున్నాడు. “లేదు సార్” అన్నాడు మెల్లగా. “గీతలు పడ్తయని.”

మర్నాడు నాగరత్నం బండిని స్వయంగా రాయమల్లు దుకాణానికి తోలుకెళ్లింది. మూర్తిగారు పక్క సీట్లో కూర్చున్నారు.

“రాయమల్లూ, దీని ముక్కు దించెయ్యి. కంపెనీవాళ్లు చెప్పిన టైర్లే మళ్లీ వెయ్యి.”

“దించుదాం అమ్మా. ఎందుకు దిగది? కాకపోతే పాత టైర్లు గోదారి అవతల జైపూర్ దిక్కు ఒకాయన పట్టుకపోయిండు. కొత్తయి ఎయ్యాలె.”

“ఆ కోసిన ప్లాస్టిక్‌లూ బంపరూ?”

రాయమల్లు బండి చుట్టూ తిరిగాడు. తల గోక్కున్నాడు. “అది మాత్రం కాదమ్మా” అన్నాడు. ఆ దుకాణంలో ఆ మాట వినడం అదే మొదలు. పంక్చరు కోసం వచ్చి కుర్చీలో కూర్చున్న గిరాకీ ఒకడు తలెత్తి చూశాడు.

ఇప్పుడు ప్రతి నెలాఖరుకూ ఆ బండి గిన్నెలతో రిటైర్మెంటు ఫంక్షన్లకు వెళుతుంది. నాగరత్నం నడుపుతుంది, అనసూర్య పక్కన కూర్చుంటుంది. బంపరుకు ఒక మూల లేదు. పెద్ద టైర్లు నాలుగూ ఇంటి వెనక వరండాలో, బరకం కింద ఉన్నాయి. వాటిని అమ్మేద్దామంటే మూర్తిగారు వినిపించుకోనట్టు ఉంటారు. వీరేందర్ గేటు దగ్గర కనిపిస్తే ఇద్దరూ టైర్లు తప్ప అన్నీ మాట్లాడుకుంటారు.

మొన్న ఆదివారం ఆయన మళ్లీ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

“రత్నం, తొట్టి మీద టెంటు బిగించుకోవచ్చుట. మడత విప్పితే ఇద్దరు పడుకోవచ్చు. మా వైపు వెళ్లినప్పుడు...”

నాగరత్నం ఆయన చేతిలోంచి ఫోను తీసి అలమారలో పెట్టింది. దాని బదులు ఆయన చేతుల్లో బీరకాయల గంప పెట్టింది. సాయంత్రం ఆర్డరు ఉంది. ఆయన గడప మీద కూర్చుని చెక్కు తీయడం మొదలుపెట్టారు. అవసరానికన్నా మందంగానే తీశారు. అనసూర్య ఆ చెక్కంతా ఏరి, రెండు పచ్చిమిరపకాయలు వేసి పచ్చడి నూరింది.